బోణీ చెయ్యి

మా నాన్నది బందరులో రోల్డుగోల్డు నగల కొట్టు. పెదనాన్నది పక్క కొట్టు, బాబాయిది ఎదురు కొట్టు. పగలంతా ఒకరి గిరాకీని ఒకరు లాక్కుని, సాయంత్రం ముగ్గురూ ఒకే పొట్లంలో పకోడీలు తినేవాళ్లు. నాకు మాటలొచ్చింది ఆ గల్లాపెట్టెల మధ్యనే. నేను మొదట పలికిన మాట ‘అమ్మ’ కాదనీ ‘గిట్టదు’ అనీ మా పిన్ని నవ్వేది. చెప్పిన ధరకు కొనేవాడంటే మాకు జాలి, ధర తగ్గించనివాడంటే అనుమానం. ‘తగ్గదు’ అన్న మాటకు మా వీధిలో అర్థం, ఇంకాసేపు నిలబడమని.

ఆ చదువుతోనే, కూతురు పుట్టిన మూడోనాడు పిల్లల డాక్టరుతో బేరానికి దిగాను.

ఆయన పిల్ల కళ్లు చూశాడు, మెడ వెనక తడిమాడు, కాలి బొటనవేలికీ పక్క వేలికీ మధ్య ఉన్న సందు నాకు చూపించాడు.

“మంగోల్ బేబీ అంటారమ్మా. బుద్ధి ఎదగదు. నడక, మాట అన్నీ ఆలస్యం.”

“ఎంత ఆలస్యమండీ?”

“చెప్పలేం.”

“ఏడాదా? రెండేళ్లా?”

“ఇది తగ్గే జబ్బు కాదమ్మా.”

“పూర్తిగా తగ్గక్కర్లేదండీ. సగానికి సగం తగ్గినా చాలు.”

ఆయన పెన్నుకు మూత పెట్టి, నర్సుతో “వీళ్లాయన్ని లోపలికి పంపించు” అన్నాడు. పచ్చి బాలింతనని కూడా చూసుకోకుండా నేను అక్కడే నిలబడ్డాను. నిలబడితే తగ్గుతుందని.

మా ఆయన లోపలికొచ్చి డాక్టరు చెప్పిందంతా విని, “పాలు తాగుతోందా?” అని ఒక్కటే అడిగాడు. తాగుతోందన్నారు. “అయితే ఇంటికి తీసుకెళ్తామండీ” అన్నాడు. మా ఆయన సరుకు కూడా అలాగే కొంటాడు.

అప్పటికి మేం హైదరాబాదు వచ్చి ఏడాది. మద్రాసు సినిమావాళ్లు ఒక్కొక్కరే జూబ్లీహిల్స్ బండల మధ్య ఇళ్లు కట్టుకుంటున్నారనీ, ఫిలింనగర్లో ఆఫీసులు తెరుస్తున్నారనీ విని, యూసుఫ్‌గూడ దగ్గర ఒక సందులో అద్దె నగల కొట్టు పెట్టాం. పౌరాణికాలకు కిరీటాలు, భుజకీర్తులు. పెళ్లి సీన్లకు వడ్డాణాలు, వంకీలు, కాసులపేర్లు. అంతా రోల్డుగోల్డే, మా నాన్న కొట్టునుంచి వచ్చిందే. ముందు కొట్టు, వెనక ఇల్లు, రెంటికీ మధ్య ఒక పూల తెర. ఆ తెర వెనక నేనూ మా ఆయనా, నాలుగేళ్ల కొడుకూ, మా అత్తగారూ. ఇప్పుడు ఈ పిల్ల.

పిల్లకు డాక్టరు పెట్టిన పేరు విన్నాక మా అత్తగారు వారం రోజులు మాట్లాడలేదు. ఆ తర్వాత అన్నీ కలిపి ఒకేసారి మాట్లాడింది.

“ఏడు తరాల్లో మా ఇంట ఇలాంటిది పుట్టలేదమ్మాయ్. మీ నాన్న పైపూత చూపించి నిన్ను మాకు అంటగట్టాడు.”

“పూత పోతే మళ్లీ వేయిస్తాడు అత్తయ్యా. ఆయన సరుకుకు గ్యారంటీ ఉంది” అన్నాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. నేనూ పిల్ల ముఖంలోకి చూడకుండానే ఆ మాట అన్నాను.

బోణీ సంగతి తెలియని తెలుగువాళ్లుండరు. పొద్దున మొదటి బేరం పోగొట్టుకోకూడదు, నష్టమైనా సరే ఇచ్చెయ్యాలి. మా వ్యాపారంలో దానికి ఇంకో మెలిక ఉండేది. మాకొచ్చే కాస్ట్యూమర్లూ ప్రొడక్షన్ మేనేజర్లూ దేన్నయినా ‘సెంటిమెంటు’ అనే ఒక్క మాటలో తేల్చేసేవాళ్లు. కొత్త పిక్చరుకు మొదటి నగ ఎవరి చేతిమీదుగా వచ్చిందన్నది వాళ్లకు కథకంటే పెద్ద విషయం. మా అత్తగారు భర్త పోయిన మనిషి కాబట్టి, ఎవరూ చెప్పకుండానే బోణీ అయ్యేదాకా తెర ఇవతలికి వచ్చేది కాదు. పిల్లకు నడకొచ్చాక దాన్నీ ఒళ్లో పట్టుకుని లోపలే కూర్చునేది.

“రెండు అపశకునాలూ ఒకచోటే ఉంటాయిలే. నువ్వెళ్లి గిరాకీ చూసుకో” అనేది నాతో.

నేను వెళ్లి చూసుకునేదాన్ని. ఇందులో నా పాపం ఏమీ లేదనీ, వ్యాపారమే అంతనీ అనుకునేదాన్ని.

పిల్లను బడిలో వేసింది మా ఆయన. నగలు ఇవ్వడానికి శ్రీనగర్ కాలనీ వెళ్లినప్పుడు చూశాడట, ఒక ఇంటి కింది వాటాలో ఇలాంటి పిల్లలు ఎనిమిదిమందికి ఒకావిడ చదువు చెబుతోంది. గుంటూరు వైపు మనిషి, మెడలో సన్నటి గొలుసుకు సిలువ, చేతిలో ఎప్పుడూ ఒక ఎర్ర రబ్బరు బంతి. ఎనిమిదిమందికే చోటు. ఒక పిల్లాడి కుటుంబం ఊరు మారితే మా పిల్లకు సీటు దొరికింది. తొమ్మిది గంటలకు బడి. మా ఆయన దాన్ని స్కూటరు ముందు నిలబెట్టుకుని తీసుకెళ్లి, వదిలి రాలేక, గుమ్మం దగ్గర నిలబడి కాసేపు చూసి వచ్చేవాడు.

మొదటి నెల నేనూ వెళ్లాను ఒకరోజు. టీచరమ్మ పిల్లలచేత చేయిస్తున్నదల్లా ఒకటే. బంతి తీసుకో, ఎదుటివాళ్ల కళ్లలోకి చూడు, వాళ్ల చేతిలో పెట్టు, వదిలెయ్యి.

“ఇదేం చదువండీ, అఆలు లేవా?” అన్నాను.

“లాక్కోవడం పిల్లలకి ఎవరూ నేర్పక్కర్లేదమ్మా. ఇవ్వడం నేర్పాలి. చేతిలో పెట్టి వదిలెయ్యడమే వీళ్లకి కష్టం. అదొస్తే నలుగురిలో బతుకుతారు.”

మా పిల్లకు అది రావడానికి ఏడాది పట్టింది. ఒకరోజు స్కూటరు తాళంచెవి తీసుకొచ్చి, మా ఆయన కళ్లలోకి చూసి, ఆయన అరచేతిలో పెట్టి “తీస్కో” అంది. దానికి స్పష్టంగా వచ్చిన మాటల్లో అది మూడోది. మా ఆయన ఆ తాళంచెవి దానికి తిరిగి ఇచ్చి మళ్లీ పుచ్చుకున్నాడు, పాతికసార్లు. ఆరోజు బడికి ఆలస్యమైంది.

దానికి ఆరేళ్లు నిండిన ఏడు, ఒక పొద్దున నేను కొట్టు తెరిచి దీపం వెలిగించేసరికి జూబ్లీహిల్స్ నుంచి ఒక కాస్ట్యూమర్ వచ్చాడు. పెద్ద బేనరు మనిషి. ఆవేళ బడికి సెలవు. మా అత్తగారు స్నానానికి వెళ్లినట్టుంది, పిల్ల తెర తప్పించుకుని ఇవతలికొచ్చింది. నేను ‘ఆగు’ అనేలోగా బల్లమీద ఉన్న వడ్డాణం తీసుకుని, ఆయన కళ్లలోకి చూసి, రెండు చేతుల్లో పెట్టింది.

“తీస్కో.”

ఆయన ముఖం పాలిపోయింది. “పొద్దున్నే ఏంటండీ ఇది” అని వడ్డాణం బల్లమీద పెట్టబోయాడు.

బోణీ పోతోంది. అటువంటప్పుడు మా నాన్న నోటికి ఏది వస్తే అది అనేవాడు. నాకూ వచ్చింది.

“పెట్టకండి. అదృష్టం వచ్చి చేతిలో పడితే కింద పెడతారా? దాని చేత్తో అది అందరికీ ఇవ్వదండీ. ఇంతకుముందు ఒక్కరికే ఇచ్చింది. ఆ పిక్చరు ఎన్ని రోజులు ఆడిందో నేను చెప్పను, దిష్టి తగులుతుంది.”

“ఏ పిక్చరు?”

“చెప్పొద్దని ఒట్టేయించుకున్నారు.”

ఆయన పిల్ల వైపు చూశాడు. పిల్ల నవ్వింది. దాని నవ్వు ముఖమంతా ఉండేది, ఎవరికైనా సరే. ఆయన వడ్డాణం కళ్లకద్దుకుని సంచీలో పెట్టుకున్నాడు. పోతూ నాతో ఒక్క రూపాయి కూడా బేరమాడలేదు. నేను గల్లాపెట్టె మూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నాను.

ఆ పిక్చరు ఆడింది. ఆడకపోతే ఆ మాట అక్కడితో చచ్చేది. ఆడింది కాబట్టి, మూడు నెలల్లో ఫిలింనగర్ నుంచి కృష్ణానగర్ దాకా మా పిల్ల చెయ్యి తెలియని ఆఫీసు లేదు. కాస్ట్యూమర్లు పొద్దున్నే వచ్చి, నగ తామే ఎంచుకుని, బల్లమీద పెట్టి, చేతులు చాచి నిలబడేవాళ్లు. నేను దానికి తలంటి, పట్టు లంగా కట్టి, జడ నిండా మల్లెపూలు పెట్టి, నుదుట పెద్ద బొట్టు పెట్టి బల్ల వెనక ఎత్తు పీట మీద కూర్చోబెట్టేదాన్ని. అంతకుముందు ఆరేళ్లలో నేను దాని జడ అంత శ్రద్ధగా ఎప్పుడూ వెయ్యలేదు.

మా అత్తగారు తెర వెనక ఒంటరిగా మిగిలింది. “నా తోడు కూడా లాగేసుకున్నావు” అంది. ఆవిడ అన్నది నిజంగా బాధపడి అన్నదో ఎత్తిపొడుపో నేను తేల్చుకోలేదు. అవతల గిరాకీ ఉంది.

బోణీ వేళ తొమ్మిది. బడి వేళా తొమ్మిదే.

“ఇవాళొక్కరోజు ఆగండి” అన్నాను మా ఆయనతో మొదటిసారి. తర్వాత వారంలో రెండు రోజులన్నాను. ఆ తర్వాత అనడం మానేశాను, స్కూటరు తాళంచెవి దాచడం మొదలుపెట్టాను.

“సీటు పోతుందట. టీచరమ్మ కబురు పంపింది” అన్నాడాయన.

“ఆవిడ ఏడాదిపాటు నేర్పింది ఇదేగా? ఇవ్వడం. ఇక్కడ అదే చేస్తోంది. అక్కడ బంతి, ఇక్కడ బంగారం.”

“బంగారం కాదుగా.”

“అది చూసేవాళ్లకు తెలియదుగా.”

“పిల్లను సరుకు చేశావు” అన్నాడు. పెళ్లయిన పన్నెండేళ్లలో ఆయన నన్నన్న పెద్ద మాట అదే. “అయిదేళ్లు దాన్ని తెర వెనక పెడితే ఒక్క మాట అనలేదు మీరు. బయట కూర్చోబెడితే తప్పొచ్చిందా?” అన్నాను. ఆయన్ని గెలవడం ఎప్పుడూ తేలికే. ఎదురు ధర చెప్పడు. రెండు నెలలకు ఆ సీటు వేరే పిల్లకు వెళ్లిపోయింది.

ఆ శీతాకాలంలో ఒక జానపద పిక్చరుకు నగలన్నీ మా కొట్టునుంచే మాట్లాడుకున్నారు. ప్రొడక్షన్ మేనేజరు జరీ కండువా మనిషి, మాటకు ముందు ‘అమ్మగారూ’ అనేవాడు.

“అమ్మగారూ, మా ప్రొడ్యూసరుగారి సెంటిమెంటు. ముహూర్తానికి పాపగారు రావాలి. హీరోగారికి కిరీటం పాపగారి చేతులమీదుగా అందాలి.”

‘పాపగారు’. ఆ మాట విని నేను అద్దె పెంచలేదు. పెంచాల్సింది, పెంచలేదు. అంత పొంగిపోయాను.

ముహూర్తం ఫిలింనగర్లో బండలమీద ఉన్న గుడిలో. టెంటు, పూలు, కొబ్బరికాయల గుట్ట, ఫొటోగ్రాఫర్లు. నా పెళ్లికి లేనంత జనం. మా అబ్బాయి పదకొండేళ్లవాడు, కొత్త చొక్కా వేసుకుని చెల్లెలి చెయ్యి పట్టుకుని నడిచాడు. వాడు దాని చెయ్యి పట్టుకుని నలుగురిలో నడవడం నేను చూసింది అదే మొదటిసారి. పిల్ల కిరీటం రెండు చేతులా పట్టుకుని హీరో ముందు నిలబడింది. ఆయన వంగాడు. అది ఆయన కళ్లలోకి చూసి, కిరీటం చేతిలో పెట్టి, “తీస్కో” అంది. అందరూ చప్పట్లు కొట్టారు. హీరో దాని బుగ్గ గిల్లాడు. మా ఆయన టెంటు గుంజ పక్కన నిలబడి నేల చూపులు చూస్తున్నాడు. ఓర్వలేక అనుకున్నాను.

షూటింగు మొదలైన నాలుగోరోజు హీరో గుర్రంమీదనుంచి పడ్డాడు. కాలు రెండుచోట్ల విరిగింది. షూటింగు ఆగిపోయింది.

అయిదోరోజు పొద్దున్నే వ్యాను వచ్చి మా సందులో ఆగింది. నగల ట్రంకుపెట్టెలన్నీ దింపించి, ప్రొడక్షన్ మేనేజరు గుమ్మం బయటే నిలబడ్డాడు.

“చూసుకోమ్మా, అన్నీ ఉన్నాయి.”

అమ్మగారు పోయి అమ్మ అయ్యాను.

“లోపలికి రండి. గుర్రం బెదిరితే మేమేం చేస్తామండీ?”

“గుర్రానికి సెంటిమెంటు లేదు కదమ్మా, ప్రొడ్యూసరుగారికి ఉంది. ఇంకోసారి ఆ పిల్ల చెయ్యి పడిన వస్తువు మా కాంపౌండులోకి రాకూడదన్నారు.”

“మీరేగా పాపగారిని పిలిచింది.”

“మీరేగా చెప్పింది, దాని చేతిలో ఏదో ఉందని. ఉందమ్మా. లేదని ఎవరన్నారు?”

దీనికి నేను ఏమని ఎదురు చెప్పను? లేదని చెబితే ఏడాదిపాటు అందరికీ అబద్ధం చెప్పినట్టు. ఉందని చెబితే ఆ కాలు విరిచింది నా కూతురే. నా జీవితంలో రెండువైపులా నష్టపోయే బేరం అదొక్కటే, సరుకు నేనే తయారుచేసుకున్నాను.

వారం తిరక్కుండా కాస్ట్యూమర్లు మా కొట్టు ముందు వీధిలోనే ఆగి, బల్ల వెనక పిల్ల కూర్చుందేమో తొంగి చూసి, సందు చివరికి నడిచి వెళ్లిపోవడం మొదలైంది. ఎత్తు పీట తీసేశాను. పట్టు లంగా విప్పించి పాత గౌను తొడిగాను. పిల్లను తెర వెనక్కి పంపిస్తే మా అత్తగారు కాళ్లు ముడుచుకుని, “వచ్చావా తల్లీ? రా. చోటు అలాగే ఉంది” అంది.

కానీ ఏడాదిపాటు పూలు పెట్టి, దిష్టి తీసి, ముద్దులాడి మనుషుల ముందు కూర్చోబెట్టిన పిల్ల తెర వెనక ఎందుకుంటుంది? మెట్టుమీద చెప్పుల చప్పుడు వినపడగానే చేతికందిన నగ పట్టుకుని పరిగెత్తుకొచ్చేది. నేను గట్టిగా అరిస్తే నవ్వేది. లోపలికి తోస్తే మళ్లీ వచ్చేది. ఇది వద్దనడమని దానికి తెలియదు.

ఒక మంగళవారం, మా ఆయన ఊళ్లో లేనప్పుడు, మద్రాసునుంచి కొత్తగా వచ్చిన కాస్ట్యూమర్ ఒకాయన కొట్టెక్కాడు. పదిరోజుల తర్వాత అదే మొదటి గిరాకీ. మా అబ్బాయి బల్లకు ఒక మూల కూర్చుని లెక్కలు చేసుకుంటున్నాడు. రహమత్ నగర్ నుంచి వచ్చే పనిమనిషి గుమ్మం ఊడుస్తోంది. ఆయన ఒక జత వంకీలు చేతిలోకి తీసుకున్నాడో లేదో, పిల్ల కాసులపేరు పట్టుకుని వచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఆయన ఉలిక్కిపడి వదిలేశాడు. కాసులపేరు కిందపడి చెల్లాచెదురైంది.

“ఇదేనా ఆ పిల్ల?” అన్నాడు.

“కాదండీ” అన్నాను. “మా పనిమనిషి పిల్ల.”

చీపురు ఆగింది.

ఆయనకు నమ్మకం కుదరాలి. నేను మా అబ్బాయి దగ్గరున్న చెక్క స్కేలు తీసుకుని, పిల్ల కుడిచెయ్యి పట్టుకుని, అరచేతిమీద కొట్టాను. ఒకటి. అది నవ్వింది, ఆట అనుకుని. రెండు. నవ్వు ఆగింది. ఇంకా కొట్టాను. ఎన్నో చెప్పను. “ఇస్తావా? ఇంకెవరికైనా ఇస్తావా?” అని అడుగుతూ కొట్టాను. దానికి ఏడుపు కూడా ఆలస్యంగానే వచ్చేది. ఆయన వంకీలు అద్దెకు తీసుకుని వెళ్లిపోయాకగానీ అది ఏడవలేదు.

పనిమనిషి చీపురు గోడకు ఆనించి వచ్చి, పిల్లను ఎత్తుకుంది.

“నా పిల్లనే అని చెప్పమ్మా, నాకేంది. మంచిగనే చెప్పినవ్. గని నా పిల్ల అయితే నేను గట్ల కొట్టనైతే కొట్ట.”

“నీ పని నువ్వు చూసుకో.”

“చూస్కుంటున్న. మరి జీతంతోని దీన్ని సాకేది గూడ కలిపిస్తవా?”

మా అబ్బాయి స్కేలు తుడిచి బ్యాగులో పెట్టుకున్నాడు. బడికి బయల్దేరుతూ గుమ్మం దగ్గర ఆగాడు.

“అమ్మా, చెల్లిని ఎప్పుడు బయట పెడతామో, ఎప్పుడు లోపల పెడతామో నాకు ముందే చెప్పు. స్కూల్లో నాకు చెల్లి ఉందని చెప్పాలో లేదని చెప్పాలో తెలియట్లేదు.”

వేళాకోళం కాదు. వాడు నిజంగానే అడిగాడు. నేను పెంచిన పిల్లాడు, సరుకు ఎక్కడుందో తెలుసుకోవాలనుకున్నాడు.

“ఏమీ చెప్పకు” అన్నాను.

“సరే” అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నిలబెట్టుకున్నాడు. ఉద్యోగంలో చేరాక కూడా వాడి స్నేహితులెవరికీ వాడికో చెల్లెలుందని తెలియదు.

పిల్ల మళ్లీ తెర దాటలేదు. ఇవ్వడం నేర్పడానికి ఏడాది పట్టింది, మాన్పించడానికి ఒక్క పొద్దు చాలింది. అంత తొందరగా అది ఇంకేదీ నేర్చుకోలేదు. అన్నం గిన్నె అందించమంటే నేలమీద పెట్టి, కాలితో నా వైపు నెట్టేది. మా ఆయన ఊరునుంచి వచ్చి, చెయ్యి చాచి తాళంచెవి అడిగాడు. అది తాళంచెవి గచ్చుమీద పెట్టి రెండడుగులు వెనక్కి వేసి, కుడిచెయ్యి వీపు వెనక దాచుకుంది. ఆయన నావైపు చూశాడు. పనిమనిషి ఆ సరికే అంతా చెప్పేసిందని తర్వాత తెలిసింది. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే నాకూ నాలుగు మాటలు దొరికేవి.

ఆయన మళ్లీ శ్రీనగర్ కాలనీ చుట్టూ తిరిగాడు. ఎనిమిది నెలల తర్వాత టీచరమ్మ కబురు చేసింది, ఒక చోటు ఖాళీ అయిందనీ, కానీ ఆ చోటుకు ఇద్దరు పిల్లలున్నారనీ, పాతది ఎంత గుర్తుందో చూసి తీసుకుంటాననీ. ముగ్గురం వెళ్లాం. మా ఆయన అలవాటు ప్రకారం గుమ్మం దగ్గరే ఆగాడు. నేను పిల్లతో లోపల చాపమీద కూర్చున్నాను.

టీచరమ్మ ఎర్ర బంతి దాని ముందు పెట్టి చెయ్యి చాచింది. “నాకివ్వు బంగారం.”

పిల్ల బంతి తీసుకుంది. ఆవిడ చేతివైపు చూసింది. నావైపు చూసింది. బంతి చాపమీద పెట్టి, లేచి, వెనక్కి జరిగి, చెయ్యి దాచుకుంది.

ఆవిడ మళ్లీ అడిగింది. పిల్ల మళ్లీ అలాగే చేసింది. మూడోసారి ఆవిడ చెయ్యి చాచలేదు. పిల్లను దగ్గరకు తీసుకుని, దాని కుడిచెయ్యి ముందుకు తెచ్చి, వేళ్లు విప్పి చూసింది.

“మర్చిపోలేదండీ ఇది. మర్చిపోతే ఇలా ఉండదు. ఎవరో మాన్పించారు. కొట్టి మాన్పించారు. ఎవరండీ?”

నిజం చెబితే సీటు రాదనుకున్నాను. కొట్టే తల్లి ఉన్న ఇంటి పిల్లను తీసుకుని ఆవిడేం చేస్తుంది? రెండో పిల్ల తల్లి అవతల బల్లమీద కూర్చుని ఉంది. ఆలోచించడానికి టైము లేదు. మా అత్తగారి పేరు చెబుదామనుకున్నాను, ముసలావిడ చేతిలో అంత బలం ఉందంటే నమ్మదు.

“వాళ్ల నాన్న” అన్నాను. “కొట్లో వస్తువులు ముట్టుకుంటోందని, కోపంలో.”

టీచరమ్మ గుమ్మంవైపు తిరిగింది. “మీరా? ఏడాదిపాటు రోజూ అక్కడే నిలబడి చూశారు కదండీ. దీనికి ఈ ఒక్కటీ రావడానికి ఎంత కష్టపడ్డామో మీకు తెలుసు కదా.”

మా ఆయన నన్ను చూశాడు. నేను గోడమీద అతికించిన మామిడిపండు బొమ్మ చూస్తున్నాను. పిల్ల లేచి ఆయన దగ్గరకు వెళ్లి పంట్లాం పట్టుకుంది.

“పొరపాటైందండీ” అన్నాడు.

ఆవిడ చాపమీది బంతి తీసి పక్కన పెట్టింది. తర్వాత నాతో అంది. “తీసుకుంటానమ్మా. దీనికే ఎక్కువ అవసరం. కానీ నా షరతు ఒకటి. ఆయన ఇటు రాకూడదు. ఈ గుమ్మం దగ్గర ఆయన కనపడితే దీని చెయ్యి ముందుకు రాదు. మీరే తీసుకురండి, మీరే తీసుకెళ్లండి.”

ఒప్పుకున్నాను. అంత తక్కువలో ఏ బేరమూ తెగలేదు నాకు. నా చేతినుంచి ఏమీ పోలేదు. పోయింది ఆయనది. రోజు మొత్తంమీద ఆయనకున్న సంతోషం, పొద్దున్నే దాన్ని స్కూటరు ముందు నిలబెట్టుకుని పోవడం ఒక్కటే. బయటికొచ్చాక చెబుదామనుకున్నాను, నాలుగు రోజులాగి ఆవిడకు నిజం చెప్పేస్తానని. “సీటు వచ్చింది కదా” అని మాత్రం అన్నాను. ఆయన స్కూటరు స్టాండు తీశాడు.

టీచరమ్మకు నిజం చెప్పలేదు. మొదటి నెల సీటు పోతుందని చెప్పలేదు. ఆ తర్వాత, ఆవిడ నన్ను బాగా చూస్తోంది కాబట్టి చెప్పలేదు. మంచి తల్లినని మిగతావాళ్లకు చూపించేది.

రోజూ ఎనిమిదిన్నరకు ఆటో వచ్చేది. ఆటో అతను యూసుఫ్‌గూడ మనిషి, తొందరపెట్టేవాడు. “జర జల్దీ అమ్మా, ఇంకో కిరాయి ఉంది నాకు.” పిల్ల ఆటోవైపు వచ్చేది కాదు. వెళ్లి గోడ పక్కన నిలిపిన స్కూటరు ముందు తన చోట నిలబడి, హేండిలు పట్టుకునేది. మా ఆయన కొట్టు మెట్టుమీద నిలబడి ఉండేవాడు. సాయానికి వచ్చేవాడు కాదు, అడ్డమూ వచ్చేవాడు కాదు. ఇటు చూసి, తల తిప్పుకుని, లోపలికెళ్లి దీపం వెలిగించేవాడు. నేను దాని వేళ్లు హేండిలునుంచి ఒక్కొక్కటే ఊడదీసి, ఎత్తుకుని ఆటోలో పడేసేదాన్ని. చిటికెనవేలు ఆఖర్న వచ్చేది.